నల్ల పొగను మెచ్చుకోకండి

బొగ్గింజను ఫొటో చూస్తే ఎవరైనా ముందు మెచ్చుకునేది పొగనే. ఆకాశాన్ని కమ్మేసిన నల్లటి పొగ, దాని కింద ఉరికొచ్చే ఇంజను. కేలెండర్ల వాళ్ళకీ సినిమా వాళ్ళకీ అదే కావాలి. ఆ ఫొటోనే లోకో షెడ్డులో పనిచేసిన ముసలి ఫైర్‌మన్ ఎవరికైనా చూపించండి. "ఎవడయ్యా వీడు, బొగ్గంతా గాలికి పోస్తున్నాడు?" అంటాడు. నల్ల పొగంటే కాలకుండా బయటికి పోయిన బొగ్గు. పనితనం ఉన్న ఫైర్‌మన్ చేతిలో ఇంజను పొగగొట్టం మీద పలచటి బూడిదరంగు మసక మాత్రమే ఆడుతుంది. పాత రైళ్ళ ఫొటోల మీద మోజు పెరిగిన ఈ రోజుల్లో నేను చెప్పదలచింది ఇదే. ఆ ఫొటోల్ని ఇంజను నడిపిన వాళ్ళ కళ్ళతో చూడాలి. ఆ చూపు మా బోగోలు మండలం వాళ్ళకున్నంతగా ఇంకెవరికీ లేదని నా నమ్మకం. బెజవాడ షెడ్డు వాళ్ళు కోప్పడితే కోప్పడనీండి.

బోగోలు మండలంలోదే బిట్రగుంట. చరిత్ర చెప్పాలంటే రెండు ముక్కలు చాలు. మద్రాసుకీ బెజవాడకీ రైలుదారి 1899కల్లా కలిసింది. 1908 నుంచి అది మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే కంపెనీ చేతిలో ఉంది. 1951లో దక్షిణ రైల్వే కిందికి వచ్చింది. 1966లో అందులో మా బిట్రగుంట ఉన్న భాగం దక్షిణ మధ్య రైల్వే కిందికి పోయింది. దాదాపు 430 కిలోమీటర్ల ఆ దారికి ఇంచుమించు నడిమధ్యన ఉన్న ఊరు కాబట్టే తెల్లదొరలు ఇక్కడ షెడ్డు పెట్టారని పెద్దలు చెబుతారు. ఇంజనుకి నీళ్ళూ బొగ్గూ పట్టాలి, మనుషులు డ్యూటీ మారాలి. దాంతో షెడ్డు, యార్డు, క్వార్టర్లు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు అన్నీ ఇక్కడ చేరాయి. కొండబిట్రగుంట ప్రసన్న వెంకటేశ్వరస్వామి తిరునాళ్ళకి వచ్చినవాళ్ళు స్వామి దర్శనం అయ్యాక షెడ్డు దర్శనం కూడా చేసుకుని పోయేవాళ్ళట. 1980 ప్రాంతంలో ఈ దారికి కరెంటు తీగలు వచ్చాయి. అసలు కథ వాటికి ముందరిది.

మెయిలు ఇంజనంటే నా దృష్టిలో డబ్ల్యూపీనే. తూటాలాంటి ముక్కు, దాని మీద నక్షత్రం. 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ నుంచి మొదటివి వచ్చాయి. తర్వాత మన చిత్తరంజన్‌లో కూడా తయారై, మొత్తం 755 దాకా లెక్క తేలాయి. ఇంతకంటే అందమైన ఇంజను మన పట్టాల మీద తిరగలేదు, ఎవరేమన్నా సరే. మన బొగ్గులో బూడిద ఎక్కువ కాబట్టి దాని పొయ్యి చాలా వెడల్పుగా కట్టారు. ఆ వెడల్పులోనే ఫైర్‌మన్ కష్టమంతా ఉంది. బాయిలర్లో చదరపు అంగుళానికి 210 పౌన్ల ఒత్తిడి నిలబడాలంటే అంత పెద్ద పొయ్యిలో ఏ మూలా నల్లబడకూడదు, ఎక్కడా చిల్లు పడకూడదు. తెలియనివాడు పారనిండా బొగ్గు తీసి నడిమధ్య గుమ్మరిస్తాడు. తెలిసినవాడు పెనం మీద అట్టు పిండి తిప్పినట్టు పలచగా, మాటిమాటికీ వేస్తాడు. తలుపు పక్కనా మూలల్లోనూ కొంచెం మందంగా, ముందువైపు పలచగా వేస్తాడు. మంట ఎక్కడ తెల్లగా మండుతుందో పార అక్కడికే పోవాలి. ప్రతి పారకీ తలుపు తెరవాలి, మూయాలి. తెరిచి ఉంచితే చల్లగాలి దూరి గొట్టాలు దెబ్బతింటాయి. ఊగే ఇంజను మీద, కాళ్ళు ఎడంగా పెట్టి, ఎదుట నిప్పు, నెత్తిన నెల్లూరు ఎండ. వెనక టెండర్లో రెండో ఫైర్‌మన్ పెద్ద పెళ్ళల్ని పగలగొట్టి ముందుకి తోస్తూ ఉంటాడు. ఇంకో కన్ను ఎప్పుడూ నీటి గ్లాసు మీద ఉండాలి. పొయ్యి కప్పు మీద నీళ్ళు తగ్గాయా, అందులోని సీసం బిరడా కరిగి ఆవిరి నిప్పు మీదికి దూకుతుంది. ఆ రోజుకి బండి నిలిచిపోయినట్టే, ఫైర్‌మన్ పరువు పోయినట్టే.

డ్రైవర్ విద్య వేరు. వెనక బరువైన మెయిలు, కింద మంచుకు తడిసిన పట్టా. రెగ్యులేటర్ ఒక్కసారిగా లాగితే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. కొద్దికొద్దిగా తెరిచి, జారుతుందనిపిస్తే ఇసుక వదిలి, బండి కదిలి ఊపందుకున్నాక రివర్సర్‌ని మెల్లగా వెనక్కి తెచ్చి, సిలిండర్లోకి పోయే ఆవిరిని తగ్గించాలి. ఆవిరి వ్యాకోచించి తన పని తాను చేసుకుంటుంది. బొగ్గు, నీళ్ళు రెండూ మిగులుతాయి. ఇదంతా చెవితో చేసే పని. ఇంజను దగ్గు వినిపించే తీరుని బట్టే చెయ్యి కదలాలి. 1938 జులై 3న ఇంగ్లండులో మల్లార్డ్ ఇంజను గంటకు 126 మైళ్ళు పరుగెత్తింది. ఆవిరి ఇంజన్లలో ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఆ ఇంజను పేరు అందరికీ తెలుసు. నడిపిన జో డడ్డింగ్టన్ పేరు, బొగ్గేసిన టామీ బ్రే పేరు కూడా అక్కడివాళ్ళు గుర్తుపెట్టుకున్నారు. మనం గుర్తుపెట్టుకున్న ఫైర్‌మన్ పేరు ఒక్కటి చెప్పండి చూద్దాం!

ఫొటోల దగ్గరికి వస్తాను. ఈ కళలో నాకు గురువులాంటివారు ఎరిక్ ట్రేసీ. ఆయన క్రైస్తవ మతగురువు, తర్వాత వేక్‌ఫీల్డ్ బిషప్ అయ్యారు. లివర్‌పూల్‌లోని ఎడ్జ్ హిల్‌లో పనిచేస్తున్నప్పుడు అక్కడి ఇంజను షెడ్డు మనుషులతో స్నేహం చేశారు. కెమెరాలో ఆయన గొప్పతనమంతా ఆ స్నేహంలోంచే వచ్చిందంటాను. షాప్, బీటక్ అనే ఎత్తుల దగ్గర పట్టాల పక్కన కాచుకునేవారు, ఇంజను ఒళ్ళు వంచి పనిచేసేది ఎక్కుడు దారిలోనే కాబట్టి. 1978 మేలో ఆపుల్‌బీ స్టేషన్లో ఆవిరి రైలు కోసం ఎదురుచూస్తూ అక్కడే కన్నుమూశారు. అమెరికాలో విన్‌స్టన్ లింక్ అనే ఆయన 1955 నుంచి ఐదేళ్ళపాటు రాత్రిపూట లెక్కలేనన్ని ఫ్లాష్ బల్బులు పేల్చి రైళ్ళని పట్టారు. అదీ ఘనకార్యమే గానీ, నా ఓటు ట్రేసీకే.

పనితనం తెలిసినవాళ్ళు పాటించే నియమాలు కొన్ని ఉన్నాయి. నల్లటి ఇంజనుకి మిట్టమధ్యాహ్నపు ఎండ పనికిరాదు, చక్రాలన్నీ చీకట్లో పడతాయి. సూర్యుడు కిందికి ఉన్నప్పుడు వెలుగు పక్కనుంచి పడి ఉక్కు రాడ్లు మెరుస్తాయి. ఆ రాడ్లు సరిగ్గా కిందికి దిగిన క్షణంలో మీట నొక్కాలి, అప్పుడే చక్రాల వరస నిండుగా కనిపిస్తుంది. పాత ఫిల్ము చురుకు తక్కువది. ఎదురుగా కొంచెం ఏటవాలుగా నిలబడితే బండి వేగం ఫిల్ము మీద తక్కువగా తెలుస్తుంది. పక్కనుంచి తీస్తే బొమ్మ అలుక్కుపోతుంది. ఇవన్నీ అచ్చంగా చేతికి రావాలంటే ఏళ్ళు పడుతుంది.

మన తీరం ఈ కళకి పెద్ద పరీక్ష. ఇక్కడ షాప్ లేదు, బీటక్ లేదు. నేలంతా చదును. పైగా ఈ వేడిలో తెల్లటి ఆవిరి కంటికి కనిపించకముందే గాలిలో కలిసిపోతుంది. కాబట్టి దొరికేవి రెండే అవకాశాలు. ధనుర్మాసపు తెల్లవారుజాము ఒకటి, ప్లాట్‌ఫారం చివర బండి కదిలే ఘడియ ఒకటి. దారి ఉత్తర దక్షిణాలుగా పోతుంది గనక పొద్దున సముద్రం వైపు, సాయంత్రం పడమటి వైపు నిలబడాలి. వీటికి తోడు ఆ రోజుల్లో స్టేషన్లో కెమెరా ఎత్తాలంటే అనుమతి కాగితం ఉండాల్సి వచ్చేది. బ్రిటన్‌లో 1968 ఆగస్టుతో ఆవిరి రైళ్ళు ఆగిపోతే, కోలిన్ గారట్ లాంటివాళ్ళు ఇండియా దాకా వచ్చి ఇక్కడి ఇంజన్లని కెమెరాలో పట్టుకుపోయారు. మన దగ్గర బ్రాడ్‌గేజ్ మీద 1995 దాకా అవి నడిచాయి. కళ్ళముందు అన్నేళ్ళు తిరిగినా మనవాళ్ళు తీసింది తక్కువే.

తీసినవి మాత్రం ఒక విధంగా ట్రేసీ ఫొటోలకంటే గొప్పవి. రిటైరైన రోజు డ్రైవర్ మెళ్ళో బంతిపూల దండ, ఇంజను ముక్కుకీ ఓ దండ, బఫర్ల మీద ఎక్కి కూర్చున్న పిల్లలు, చుట్టూ ఫైర్‌మన్లు, ఫిట్టర్లు, ఖలాసీలు, ఓ చివర అర్ధరాత్రి ఇళ్ళకి పోయి డ్యూటీ వాళ్ళని లేపే కాల్‌బాయ్. స్టూడియో ఫొటోగ్రాఫర్‌కి రాడ్లూ వెలుగూ పట్టవు. కానీ ఇంజను వెనకా, మనుషులు ముందూ ఉన్నారు. అదీ సరైన వరస.

ఈమధ్య చూస్తున్నవి తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. 2023 అక్టోబరు 31న గుజరాత్‌లోని ఏక్తానగర్ దగ్గర ఓ హెరిటేజ్ రైలుకి ప్రధాని జెండా ఊపారు. పైకి ఆవిరి ఇంజను వేషం, లోపల కరెంటు మోటారు! అసలైన డబ్ల్యూపీ అక్బర్ హర్యానాలోని రేవాడి షెడ్డులో ఉండగా ఈ వేషం ఎందుకు? అంతకంటే ఘోరం ఫోన్లలో తిరిగే బొమ్మలు. కంప్యూటర్ కల్పించిన ఇంజనుకి చక్రాలు ఒకవైపు నాలుగు, ఇంకోవైపు ఐదు. రాడ్లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో ఆ దేవుడికే తెలియాలి. నల్ల పొగ మాత్రం పుష్కలం. ఎక్కడో ఇంగ్లండు ఫొటో తెచ్చి "వందేళ్ళ నాటి నెల్లూరు స్టేషన్" అని పేరు తగిలిస్తారు, వేలమంది లైకులు కొడతారు. మంచి నలుపు తెలుపు ఫొటోకి రంగులద్ది, బొగ్గుమసి పట్టిన మనిషి మొహాన్ని గులాబీ రంగుకి తిప్పుతారు. ఆ మసి తుడిచాక ఫొటోలో మిగిలేదేమిటి?

మా మండలంలోనూ, కావలిలోనూ, నెల్లూరులోనూ, ఉద్యోగాల కోసం పిల్లలు వెళ్ళిన ఊళ్ళలోనూ ఆ రిటైర్మెంటు ఫొటోలు ట్రంకు పెట్టెల్లో చెదలు పడుతున్నాయి. దయచేసి బయటికి తీయండి. లామినేషన్ చేయించకండి, రంగులు వేయించకండి. చుట్టూ ఉన్నవాళ్ళని కత్తిరించి తాతయ్య ఒక్కడినే పెద్దది చేయించకండి. ఇంట్లో గుర్తుపట్టగల పెద్దవాళ్ళు ఉండగానే పక్కన కూర్చుని ఒక్కొక్కరినీ అడగండి. ఎవరు డ్రైవర్, ఎవరు ఫైర్‌మన్, ఇంజను నంబరెంత, ఏ బండి మీద పనిచేశారు, ఇవన్నీ వెనక మెత్తటి పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ను వాడకండి, అచ్చు ముందువైపుకి లేస్తుంది. తర్వాత ఒక మంచి స్కాన్ తీసి మనవళ్ళకి ఇవ్వండి. నెగెటివ్ దొరికితే ఫొటోకంటే భద్రంగా దాచండి.