పాడేవారు లేని పడిగె

పట్నంలో కళాప్రదర్శన పెడితే ఏ తేదీ వరకు ఉంటుందో పత్రికలో వేస్తారు. మన కళలకు అట్లా గడువు ఎవరూ వేయరు. అయినా అవి ఒక్కొక్కటి మూతపడుతున్నాయి. రఘునాథపల్లి నుంచి పిల్లలను తీసుకొని ఒక్క రోజులో పోయిరాగల చోట్ల ఏం చూడాలో, ఎట్లా చూడాలో ఇక్కడ చెప్పదలిచాం.

ముందు దగ్గరివి. జనగామ దాటితే పెంబర్తి. ఇత్తడి రేకును వెనుక నుంచి కొట్టి బొమ్మను పైకి తేల్చే పనికి ఆ ఊరు పేరు పొందింది. చేర్యాలలో నకాషీ చిత్రకారులు ఉన్నారు. చింతగింజల జిగురు కలిపి పూసిన గుడ్డ మీద కులపురాణాలు వేసిన వారు. ఒకప్పుడు పటం ఎన్నో అడుగుల పొడవు ఉండేది. కథకుడు దాన్ని విప్పుకుంటూ రాత్రుళ్లు కథ చెప్పేవాడు. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడుపోయేవి గోడకు పెట్టుకునే చిన్న బొమ్మలు, ముఖోటాలు. ఎర్రటి నేల అదే, గీత అదే. కథ మాత్రం ఒక్క ఘట్టం దగ్గర ఆగిపోయింది. పనితనాన్ని మెచ్చుకుందాం, కథ ఆగిన చోటును కూడా పిల్లలకు చూపిద్దాం.

కొంచెం దూరం పోగలిగితే మేడారంలో సమ్మక్క సారలమ్మ మ్యూజియం, హైదరాబాదు మాసబ్ ట్యాంకులో నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియం ఉన్నాయి. మేడారానికి జాతర గుంపులో కాదు, మామూలు రోజున పోవాలి.

మేము చూసిన ఆదివాసీ కళాప్రదర్శనల్లో ఒక లోపం పదేపదే కనబడింది. వస్తువు ఉంటుంది, దాని మనిషి ఉండడు. కోయల పడిగెనే తీసుకోండి. అది మూడు మూలల జెండా గుడ్డ. గట్టుల చరిత్ర, ఇలవేల్పుల కథ దాని మీద బొమ్మలుగా ఉంటాయి. డోలి కళాకారులు డోలు కొట్టి పాడుతుంటేనే ఏ బొమ్మ ఎవరిదో తెలుస్తుంది. దాన్ని గోడకు వేలాడదీసి, కింద ‘గిరిజన కళ’ అని చీటీ అంటిస్తే పుస్తకం మూసి అట్ట చూపినట్టే. ఏ గట్టుది, ఏ ఊరిది, ఎవరు చేశారు, ఎవరు పాడతారు? ఈ నాలుగూ లేని చీటీ సగం చీటీయే.

సమ్మక్క సారలమ్మ చరిత్రను డోలుతో పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. గుస్సాడీ గురువు కనకరాజు గారికి 2021లో వచ్చింది. ఇద్దరూ 2024లోనే వెళ్లిపోయారు. కనకరాజు గారు ఎంతోమందికి నేర్పారు గనుక ఆ అడుగులు నేటికీ పడుతున్నాయి. నేర్చుకునేవారు రాని చోట పాట పాడేవారితోనే పోతుంది.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. ప్రదర్శనకు పోయినప్పుడు పిల్లల చేత ఆ నాలుగు ప్రశ్నలు అడిగించండి. జవాబు లేకుంటే సందర్శకుల పుస్తకంలో రాయించండి. తిరిగొచ్చాక మీ దగ్గరి గూడెంలో పాడే పెద్దలు ఉన్నారేమో వెతకండి. వారి అనుమతితో పాటను సెల్‌ఫోనులో రికార్డు చేయండి, పేరు, ఊరు రాసి పెట్టండి. మ్యూజియం తలుపులు రేపు కూడా తెరుస్తారు. ముందు ఆ పెద్దల ఇంటికి పోదాం.