గోడ దాహం

ఇల్లు కట్టించేవాళ్లు బయటి ప్లాస్టరింగ్ చూడ్డానికి మేస్త్రీ బద్ద లాగి, స్పాంజి తిప్పే వేళకు వస్తారు. నేనైతే ముందు రోజు సాయంత్రమే రమ్మంటాను. ఆ పూత నిలుస్తుందో, పెచ్చులూడుతుందో చాలావరకు తేలేది గోడకు నీళ్లు కొట్టేటప్పుడే.

మన ఎర్ర ఇటుకకు దాహమెక్కువ. పొడి గోడ మీద మాలు కొడితే అందులో నీరంతా గబగబా తాగేస్తుంది. సిమెంట్ గట్టిపడటానికి కావలసిన నీరే ఇటుకలోకి పోయాక, గోడనానుకున్న పొర పొడిపొడిగా మిగులుతుంది. పైకి నున్నగానే ఉంటుంది కానీ తాపీ పిడితో తట్టి చూస్తే డొల్లగా మోగుతుంది. అలాగని పని మొదలుపెట్టబోయే ముందు నీళ్లు కారేదాకా తడపడమూ తప్పే. రంధ్రాలన్నీ నిండిపోయిన ఇటుక సిమెంట్ పాలను లోపలికి లాక్కోలేదు, మాలు బరువుకి జారిపోతుంది. ముందు రోజు బాగా తడిపితే, మర్నాడు పొద్దున లోపల చెమ్మ మిగిలి, పైన నీటి మెరుపు పోయి ఉండాలి. మంచి మేస్త్రీ అరచెయ్యి ఆనించి ఈ సంగతి చెప్పేస్తాడు. ఆ చెయ్యంటే నాకెంతో గౌరవం.

ఇప్పటి ఇళ్లలో చిక్కేమిటంటే ఒకే గోడకు రెండు మూడు రకాల దాహాలు. ఇటుక పక్కనే కాంక్రీటు స్తంభం ఉంటుంది. అది నీరు పెద్దగా తాగదు, పైగా సెంట్రింగ్ పలకలకు రాసిన నూనె దానికి అంటి ఉంటుంది. కడిగి, గాట్లు పెట్టి, సిమెంట్ పాలు పూసి, అవి పచ్చిగా ఉండగానే మాలెక్కించాలి. పొద్దున పాలు పూసి భోజనాలయ్యాక ప్లాస్టరింగ్ చెయ్యడం చాలాచోట్ల చూశాను. ఆరిపోయిన పాలు అతికించవు, అడ్డుపొరై విడదీస్తాయి. ఇటుకా కాంక్రీటూ కలిసేచోట చికెన్ మెష్ కొట్టించాల్సిందే. ఇటుకకు బదులు వాడే ఏఏసీ బ్లాకులకు మాత్రం పైపు పెట్టి నీళ్లు కొట్టకూడదు. అవి తాగిన నీరు తర్వాత ఆరేటప్పుడు బ్లాకు కుంచించుకుని పైన బీటలు తెస్తుంది. వాటికి పలచటి తుంపర చాలు.

మొదటి కోటు 12 మిల్లీమీటర్ల మందాన వేసి, పచ్చిగా ఉండగానే తాపీ మొనతో వంకర గీతలు గియ్యాలి. కొన్ని రోజులు తడిపి, ఆరనిచ్చి, అది కుంచించుకోవాల్సినంతా కుంచించుకున్నాక రెండో కోటు. అప్పటికి మొదటి కోటే గోడ. దానికీ దాహముంటుంది, మళ్లీ తడపాలి. పైది గట్టిగా ఉండాలని కొందరు యజమానులు సిమెంట్ ఎక్కువ వేయిస్తారు. సిమెంటూ ఇసుకా కింద 1:6 పాళ్లలో ఉండగా పైన 1:3 వేస్తే, ఆరేటప్పుడు పైది బిగుసుకుని కిందిదాన్ని ఊడలాగుతుంది. ఇక మాలు త్వరగా ఇగరాలని పొడి సిమెంట్ చల్లి రుద్దడం నేను అసలు ఒప్పుకోను. ఆ పైపొర మీద సన్నటి బీటలు అల్లుకుంటాయి.

మే నెలలో రెంటచింతల ఎండలాంటి ఎండకి ఎంత తడిపినా చాలదు. అందుకే నీడ చూసుకుని పడమటి గోడ పొద్దున్నే, తూర్పు గోడ మధ్యాహ్నం దాటాక చెయ్యాలి.

ఇవన్నీ మేస్త్రీలకు తెలియనివి కావు. చదరపు అడుగుకింతని గుత్తకిస్తే తడిపిన సాయంత్రానికీ, ఆగిన రోజులకీ పైసా రాదు. కూలీ పోగొట్టుకుని ఎవరాగుతారు? అందుకే తడపడానికీ, గాట్లకూ ఒప్పందంలో వేరే రేటు రాయమని యజమానులను అడుగుతుంటాను. మొదటి కోటుకూ రెండో కోటుకూ మధ్య లోపలి గదుల పని అప్పగిస్తే ఆ మనుషులకు రోజు కూలీ పోదు, బయటి గోడకు తొందరా ఉండదు.