సెగకు దారి, మరకు పట్టు

రాయచూరు నుండి గుంతకల్లు వైపు సాగు రైలుమార్గములో, మంత్రాలయం రోడ్డుకు ముందుగా, మట్మారి యను చిన్న స్టేషను కలదు. బొంబాయి వైపునుండి వచ్చిన రైలుమార్గమును మద్రాసునుండి వచ్చిన రైలుమార్గమును 1871లో రాయచూరు కడ కలిసినది మొదలు, ఆవిరి యంత్రములు పోయి డీజిలు యంత్రములు, వాని వెనుక విద్యుద్యంత్రములు వచ్చువఱకు, ఈ యూరి పొలముల ప్రక్కగా మూడు తరముల యంత్రవిద్య నడచిపోయినది. అందులో నడిమితరపు డీజిలు యంత్రములను కాపాడిన ఫిట్టర్ల పనితనమును గూర్చియే ఈ వ్యాసము; ఏలయన, పందెపు బాటలపై పరుగెత్తు టర్బో కార్లను నేడు వేధించుచున్న రెండు పీడలు, పొగ కారుటయు బోల్టు వదులగుటయు, ఆ ఫిట్టర్లకు నిత్యపరిచితములే.

1964 నుండి వారణాసి కర్మాగారములో తయారైన డబ్ల్యూడీఎం-2 ఇంజనుకు 16 సిలిండర్లు, 2,600 అశ్వశక్తి. ఇట్టి యంత్రములకు గుత్తి షెడ్డు చిరకాలము సంరక్షణశాలయై యుండినది. వానికి ఆ బలము చేకూర్చినది టర్బోచార్జరు. సిలిండర్లు వెడలగొట్టు పొగలో మిగిలియున్న వేడిమిని, వేగమును వృథాపోనీయక, ఆ పొగచేతనే యొక చక్రమును త్రిప్పించి, దాని యిరుసునకే రెండవ కొన నమర్చిన మఱియొక చక్రముచే గాలిని ఒత్తి ఇంజనులోనికి పంపు ఈ ఉపాయమునకు స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూఖీ 1905లోనే పేటెంటు పొందెను. కావున టర్బో గల ఇంజనులో పొగ వ్యర్థపదార్థము కాదు, పనిచేయవలసిన ద్రవ్యము. సిలిండరు తలకును టర్బైనుకును నడుమ ఎక్కడ అది సందు చేసికొని వెలుపలికి పోయినను, చక్రము మందగించును, గాలి చాలదు, డీజిలు సరిగా కాలక నల్లని పొగయై పోవును. పెట్రోలు కారులో మఱియొక చిక్కు కలదు. పొగ గొట్టములో ఒత్తిడి క్షణక్షణము హెచ్చుతగ్గులగుటచే, తగ్గిన క్షణమున ఆ సందునుండియే బయటిగాలి లోనికి చొరబడి, ఆక్సిజన్ సెన్సరును మోసపుచ్చి, ఇంధనము తక్కువైనదను తప్పుడు వార్తను కంప్యూటరునకు చేరవేయును.

ఇంతకును సందు ఏల ఏర్పడును? బోల్టు బలహీనమగుటచేతనని పలువురు తలతురు, అందుచే మఱింత గట్టిగా బిగింతురు, మర తెగును. నిజమైన కారణము సెగ పుట్టించు కదలిక. సిలిండర్ల పొగను టర్బైనుకు చేర్చు, అర మీటరు పొడవుగల పోత ఇనుప మ్యానిఫోల్డు 700 డిగ్రీలు వేడెక్కినచో సుమారు 4 మిల్లీమీటర్లు సాగును. స్టెయిన్‌లెస్ ఉక్కుదైనచో 6 మిల్లీమీటర్ల వఱకు సాగును. దానిని మోయుచున్న అల్యూమినియము తల నీటిచే చల్లబడుచుండుటవలన ఒక మిల్లీమీటరైనను సాగదు. ఇట్లు ఒకటి సాగగోరి, మఱొకటి సాగనీయక, నడుమనున్న బోల్టును అడ్డముగా లాగుచుండును. ఈ అడ్డపు జాఱుడే మరను విప్పునని, నిలువు కుదుపుకన్న ఇది మిక్కిలి హానికరమని, గెర్హార్డ్ యుంకర్ అను జర్మను ఇంజనీరు 1969లో ప్రయోగపూర్వకముగా నిరూపించెను. పందెపు కారులో పొగ వేడిమి 900 డిగ్రీలు దాటుచుండును. కొన్ని చుట్లు పూర్తివేగముతో తిరిగి, ఆగి, చల్లారి, మరల తిరుగుట దాని దినచర్య. అట్టి కారులో ఈ లాగులాట ఎంత తీవ్రమో చదువరులే ఊహింపగలరు.

బిగించిన బోల్టు నిజమునకు సాగదీసిన స్ప్రింగు వంటిది. 8 మిల్లీమీటర్ల బోల్టు 40 మిల్లీమీటర్ల పట్టుపై తగినట్లు బిగిసినప్పుడు అది సాగునది మిల్లీమీటరులో పదవవంతు లోపే. అతుకు నడుమనుంచిన గ్యాస్కెట్టు వేడికి కుదిసి 0.05 మిల్లీమీటరు అణగినచో పట్టు సగమునకు మించి పోవును. అదే బోల్టును రెట్టింపు పొడవుగలదిగా తెచ్చి, తల క్రింద ఉక్కు గొట్టపుముక్కనుంచి బిగించినచో, సాగుదల రెట్టింపై, అంతే అణగుడునకు మూడవవంతు లోపే పోవును. ఇంత చిన్న గొట్టపుముక్క చేయు మేలు ఖరీదైన నట్లనేకము చేయజాలవని నా నిశ్చితాభిప్రాయము. మఱియు మనము స్పానరుపై పెట్టు బలములో పదింట తొమ్మిది పాళ్లు తల క్రిందను, మరలోను రాపిడికే వ్యయమగును గనుక, తుప్పుపట్టిన మరలో టార్క్ రెంచి చూపు అంకె బోల్టు లోపలి బిగువునకు సాక్ష్యము కానేరదు. మరలను తోమి శుభ్రపఱచి, వేడికి నిలుచు నికెలు లేపనమును పలుచగా పూసి, ఆ లేపనమునకు తగినట్లు టార్కు తగ్గించి బిగించుట ఈ విద్యలో ప్రథమపాఠము.

దానికిముందు మ్యానిఫోల్డు అతుకు ముఖమును చూడవలెను. సరళమైన ఉక్కుబద్దను మ్యానిఫోల్డు అంచుపై నిలిపి, క్రింద ఫీలర్ గేజి దూర్చి, వంకర తేలినచో తఱిగించవలెనే గాని, రెండు గ్యాస్కెట్లు పెట్టి కప్పిపుచ్చరాదు. నడుమనుండి రెండు కొనలకు, ఒక్కొక్క బోల్టును కొంతకొంతగా, రెండుమూడు విడతలలో బిగింపవలెను. కొనబోల్టుల రంధ్రములు ఒకింత పెద్దవిగా నుండుట లోపము కాదు. సాగు లోహమునకు అది దారి. పొడవైన పొగగొట్టమును ముక్కలుగా చేసి, నడుమ ముడుతల గొట్టములు కూర్చుటయు ఈ దారినిచ్చుటకే. టర్బో బరువును, దాని వెనుక వ్రేలాడు గొట్టపు బరువును నాలుగు స్టడ్లపై వదలక, ఇంజనుకే బిగించిన ఊతకడ్డీ నొకదానిని అమర్చవలెను; మాటిమాటికి స్టడ్లు విఱుగు ఇంజనులలో మొదట వెదుకవలసినది ఈ ఊతమునే.

ఇక తాళములు. లోపల నైలాను వలయముగల నట్టు ఇచ్చట పనికిరాదు. నూటయిరువది డిగ్రీలు దాటగనే ఆ నైలాను మెత్తబడును. స్ప్రింగు వాషరు ఎఱ్ఱని సెగ ప్రక్కన తన బిగువును కోల్పోవును. నొక్కి రూపుమార్చిన లోహపు నట్లు, రాగినట్లు, అంచు మడిచెడి రేకు వాషర్లు, తలకు తల పెనవేయు లాక్ వైరు, ఇవి నమ్మదగినవి. క్రొత్త గ్యాస్కెట్టు వేసినపిమ్మట ఒకటిరెండుసార్లు వేడెక్కనిచ్చి, పూర్తిగా చల్లారినపిదప, తయారీదారుని పుస్తకము నిషేధింపనిచో, తిరిగి బిగింపవలెను. నట్టునుండి అంచువఱకు ఒక రంగుగీత గీచినచో, అది చెదరినప్పుడే వదులగుట కంటబడును.

కారుటను కనుగొనుట మాత్రము కంటికి, చెవికి సంబంధించిన విద్య. అంచున నల్లని మసిచార యున్నచోట పొగ పోవుచున్నది. ఉదయము ఇంజను ప్రారంభించినంతనే టిక్ టిక్ మని వినబడి, వేడెక్కినపిమ్మట అణగిపోవు శబ్దము లోహము సాగి సందు మూసికొన్నదనుటకు గుర్తు. దానిని బాగైనదని భ్రమింపరాదు. అనుమానము మిగిలినచో, చల్లని ఇంజను పొగగొట్టములోనికి కొద్దిపాటి గాలిని ఊది, అతుకులపై సబ్బునీరు చల్లిన, బుడగలే చోటు చూపును.

ఈ శ్రమ యంతయు పందెముల కొఱకేనా? మట్మారికి ఆవల, తుంగభద్ర ఎడమగట్టు కాలువ క్రింద, సింధనూరు, మాన్వి ప్రాంతములలో తెలుగు రైతులు క్యాంపులు వేసి స్థిరపడి పండించు వరిమళ్లలో తిరుగు కోతమిషనులలోను టర్బో డీజిలు ఇంజనులు కలవు. ఎండుగడ్డి నలుసు, పొట్టు గాలిలో తేలుచు ఇంజనుపై పేరుకొను ఆ కోతకాలమున, వదులైన అతుకునుండి చిమ్ము సెగ నిప్పంటుటకు చాలును. రంగుగీత చెదరిన ఒక్క నట్టును నిర్లక్ష్యము చేసినచో మిషనును, చేనును పోగొట్టుకొనవలసివచ్చును. అట్లు కారిన పొగతో మూసిన కేబినులోనికి చేరు కార్బన్ మోనాక్సైడుకు రంగును లేదు, వాసనయు లేదు. కావున కోతమిషనుల యజమానులకు నా విన్నపము: కోతలు మొదలగుటకు వారము ముందే, ఇంజను చల్లగానున్న ఉదయమున, పొట్టు దులిపించి, మసిచారలు వెదకించి, ప్రతి స్టడ్డును తయారీదారుడు చెప్పిన టార్కుకు సరిచూపించుడు, విఱిగిన స్టడ్డున్నచో దానిని మార్పింపక మిషనును పొలములోనికి దింపకుడు.