ఊరు చేసిన తప్పేమిటి?

రిచర్డ్ యేట్స్ 'రివల్యూషనరీ రోడ్' 1961లో వచ్చింది. కథ 1955 నాటిది. పడమటి కనెటికట్‌లో ఒక చిన్న ఊరు. మగవాళ్లు పొద్దున్నే రైలెక్కి, పక్క రాష్ట్రమైన న్యూయార్క్‌లో ఉద్యోగం చేసి, రాత్రికి పడుకోవడానికి వస్తారు. అలాంటి ఊళ్లను చీల్చి చెండాడిన నవల అని దీనికి పేరు. నాకలా అనిపించలేదు. ఆ ఊరు ఎవరి కాళ్లూ కట్టెయ్యలేదు.

ఫ్రాంక్ వీలర్‌కి తన ఆఫీసంటే చులకన. తండ్రి పనిచేసిన కంపెనీలోనే వేళాకోళానికి చేరానంటాడు. పారిస్ వెళ్లిపోదాం, నేను సంపాదిస్తాను, నీకేం కావాలో నువ్వు తేల్చుకో అంటుంది భార్య ఏప్రిల్. సరేనంటాడు. ఇంతలో అతను నిర్లక్ష్యంగా రాసిపడేసిన ప్రచార కరపత్రం పైవాళ్లకి నచ్చుతుంది. కొత్తగా వస్తున్న కంప్యూటర్ల పని, మంచి జీతం ఆశ చూపుతారు. ఏప్రిల్ గర్భవతి అని తెలిసినప్పుడు అతనికి దొరికింది కష్టం కాదు, సాకు. ఈ ఒక్క ఘట్టం చాలు. బదిలీ తప్పించుకోవడానికి అమ్మ జబ్బుని అడ్డుపెట్టుకున్న వాళ్లని బ్యాంకులో చాలామందిని చూశాను. అందులో నేనూ ఒకణ్ణి. యేట్స్ కూడా రెమింగ్టన్ రాండ్ కంపెనీకి ప్రచార రాతలు రాసి బతికినవాడే.

ఉన్నమాట ముఖాన అనేవాడు పిచ్చాసుపత్రి నుంచి వచ్చిపోయే జాన్ ఒక్కడే. నిజం చెప్పించడానికి పిచ్చివాణ్ణి తేవడం పాత ఎత్తు, ఇక్కడ కాస్త తేలిపోయింది. గర్భం తీసేసుకోబోయి ఏప్రిల్ చనిపోవడాన్ని మాత్రం కన్నీళ్ల కోసం ఎక్కడా సాగదీయలేదు. చివర, ఇళ్లు బేరం కుదిర్చే గివింగ్స్ గారు వీలర్ల తప్పులు ఏకరువు పెడుతుంటే, ఆవిడ భర్త చెవిమిషను ఆపేసుకుంటాడు.