చింతపండు తగలని రూపాయి

తాతల నాటి నాణేల మూట విప్పగానే చాలా ఇళ్లలో మొదట జరిగే పని వాటిని తోమడం. చింతపండు, నిమ్మచెక్క, విభూతి, ఈమధ్య అయితే టూత్‌పేస్టు. నల్లబడ్డ విక్టోరియా రూపాయి కాసేపట్లో తళతళలాడుతుంది, ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. ఆ కాసేపట్లో పోయింది మళ్లీ రాదు. వెండి మీది నలుపు మురికి కాదు. గాలిలోని గంధకంతో కలిసి ఏళ్ల తరబడి కట్టిన పలచని పొర అది. అచ్చు దెబ్బ తిన్ననాటి లోహపు పైపొర దాని కింద ఇంకా మిగిలి ఉండవచ్చు. విభూతి, పేస్టుల గరుకు ఆ రెంటినీ గీసి పారేస్తుంది. రాగి నాణెమైతే పులుపు దాని పాత రంగును కరిగించి, పచ్చి రాగిని బయట పెడుతుంది. తెలిసినవారు దీపం కింద వాలుగా పట్టి చూస్తే ఆ గీతలు ఒక్క చూపుకే దొరికిపోతాయి. ధర పడిపోవడం ఒక నష్టం. నాకు అంతకన్నా బాధ కలిగించేది, ఆ నాణెం ఎలా బతికిందో చెప్పే సాక్ష్యం మన చేతులతోనే చెరిగిపోవడం.

వారసత్వంగా వచ్చిన నాణేలను గుర్తుపట్టే విద్య ఇక్కడే మొదలవుతుంది: ముందు ఏమీ చేయకూడదు, చూడాలి. రెండో నియమం, ఏ మూటను ఆ మూటగానే ఉంచాలి. పూజగదిలో కుంకుమ భరిణెలో దొరికినవి, ఇనప్పెట్టె అడుగున దొరికినవి, నాయనమ్మ మెడలోని దండ తెగిపోతే మిగిలినవి ఒకే డబ్బాలో పోసి కలిపేయకూడదు. ఎందుకో చెప్పడానికి మన శాతవాహనుల చరిత్రలోనే గొప్ప ఉదాహరణ ఉంది. 1906లో నాసిక్ దగ్గర జోగళ్‌తెంబిలో 13 వేల పైచిలుకు వెండి నాణేలున్న నిధి బయటపడింది. అన్నీ క్షహరాత రాజు నహపానుడివి. వాటిలో దాదాపు మూడింట రెండొంతుల నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన గుర్తులను మళ్లీ అచ్చు కొట్టించాడు. ఓడినవాడి ముఖం మీద గెలిచినవాడి కొండ గుర్తు, ఉజ్జయిని గుర్తు పడ్డాయి. నిధిని పరిశీలించి లెక్కపెట్టగలిగినందువల్లే ఆ ఇద్దరి మధ్య యుద్ధంలో గెలుపు ఎవరిదో అంత బలంగా చెప్పగలిగారు. అవే నాణేలు ఒక్కొక్కటిగా కంసాలి కొలిమిలోకి వెళ్లి ఉంటే ఒట్టి వెండి ముద్దలయ్యేవి. ఇంటి మూట చిన్నదే కావచ్చు, న్యాయం మాత్రం ఒకటే. రంగూన్‌కో మలయాకో పనికి వెళ్లొచ్చిన తాత ఉన్న ఉత్తరాంధ్ర ఇంట్లో నాలుగు పలకల మలయా సెంటు దొరికితే, దాని విలువ అది ఏ సంచిలో, వేటి పక్కన ఉందన్నదానిలోనే ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే కూర్చోబెట్టి అడగండి. కేటలాగు రేపైనా దొరుకుతుంది.

ఇక గుర్తుపట్టడం. తెలంగాణ ఇళ్లలో తరచుగా కనిపించేది చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం కాలపు హాలీ సిక్కా. ఉర్దూ రాదని చాలామంది దీన్ని పక్కన పెట్టేస్తారు. నిజానికి నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి నాణెం లేదు. బొమ్మ వైపు చార్మినార్ చుట్టూ 'నిజాముల్ ముల్క్ ఆసఫ్ జా' అని ఉంటుంది, దానితో పాటు 92 అనే అంకె. దాన్ని సంవత్సరం అనుకుని తికమక పడేవారు ఎందరో. అరబ్బీ అక్షరాలకు అంకెల విలువ కట్టే అబ్జద్ పద్ధతిలో 'ముహమ్మద్' పేరు అది: మీమ్ 40, హే 8, మళ్లీ మీమ్ 40, దాల్ 4. అసలు సంవత్సరం హిజ్రీలో విడిగా ఉంటుంది, పాలన ఎన్నో ఏడో బొరుసు వైపు ఉంటుంది. అంకెలు చదవడం ఒక సాయంత్రం పని. చిన్న చుక్క సున్నా, తలకిందులైన హృదయాకారం అయిదు, ఇంగ్లీషు వీ అక్షరంలా ఉన్నది ఏడు, దాన్ని తిరగేస్తే ఎనిమిది. హిజ్రీ సంఖ్యను 0.97తో గుణించి 622 కలిపితే క్రీస్తు శకం ఏడాది అటూ ఇటూగా వస్తుంది. 1321 అయితే 1903. యంత్రం మీద కొట్టిన చార్మినార్ నాణేలు మొదలైంది ఆ రోజుల్లోనే.

ఇప్పుడు భూతద్దం పట్టి చార్మినార్ నడిమి గుమ్మంలోకి చూడండి. అక్కడ చిన్న అక్షరం ఉంటుంది. మీమ్ అయితే మహబూబ్ అలీ ఖాన్, ఐన్ అయితే ఉస్మాన్ అలీ ఖాన్. హిజ్రీ 1329లో, అంటే 1911లో తండ్రి పోయి కొడుకు గద్దెనెక్కాడు. ఆ ఏటి నాణెం చేతికొస్తే ముందు గుమ్మం చూడాలి. రూపాయి నాణెం బరువు 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. కంపెనీ రూపాయి, అంటే హైదరాబాదీలు కల్దార్ అన్నది, 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. రెండు రూపాయలకూ మారకంలో తేడా ఎందుకుండేదో ఈ రెండు అంకెలే చెబుతాయి. యంత్రాలకు ముందు సుత్తితో కొట్టిన నిజాం రూపాయలు వేరే సంగతి. అచ్చు పెద్దది, వెండి బిళ్ల చిన్నది. రాత సగమే పడుతుంది. అది అరుగుదల కాదు, పుట్టుకే అంత.

కోస్తా, రాయలసీమ ఇళ్లలో ఎక్కువగా బ్రిటిషు నాణేలే. కాలణాలు, అర్ధణాలు, బేడలు, పావలాలు, యుద్ధకాలంలో రాగి కొరత వల్ల నడుమ రంధ్రంతో వచ్చిన 1943–47 నాటి చిల్లు పైసలు. రూపాయిలో తేదీ చూసి నమ్మేయకూడదు. 1840 తేదీ ఉన్న విక్టోరియా రూపాయిని 1862 దాకా అదే తేదీతో కొడుతూ పోయారు. ఆ తర్వాత 1862 తేదీని మరో పన్నెండేళ్ల దాకా మార్చలేదు. బొంబాయి టంకశాలలో మాత్రం అసలు సంవత్సరాన్ని సూచించడానికి తేదీ దగ్గర సన్నని చుక్కలు చేర్చారు. 1862 రూపాయిలు నాలుగుంటే నాలుగూ ఒకటే అనుకుని మూడింటిని కరిగించిన ఇళ్లున్నాయి, ఆ చుక్కలు ఎవరూ లెక్కపెట్టకుండానే. 'క్వీన్' అని ఉంటే 1877కు ముందుది, 'ఎంప్రెస్' అని ఉంటే ఆ ఏడు, ఆ తర్వాత. 1911 అయిదో జార్జి రూపాయిలో రాజు అంగీ మీది ఏనుగు తొండం పొట్టిగా పడి పందిలా కనిపించిందని జనం ఆగ్రహించారు. మరుసటేడు తొండం సరిచేశారు. 1940 నుంచి వెండి సగానికి సగం తగ్గింది, 1947 రూపాయి పూర్తిగా నికెల్. స్వతంత్ర భారత నాణేల్లో తేదీ కింద అయిదు మొనల నక్షత్రం ఉంటే అది మన హైదరాబాద్ టంకశాలది.

స్థితిని అంచనా వేయడం దీనికన్నా కష్టం, దీనికన్నా ఆనందం. కావలసింది ఒక దీపం, పది రెట్లు చూపే భూతద్దం, కింద మెత్తని గుడ్డ. నాణేన్ని అంచులు పట్టుకుని, దీపం కింద మెల్లగా వంచుతూ తిప్పాలి. వాడకంలోకి రాని నాణెం మీద వెలుగు పట్టీ ఒకటి నడుమ నుంచి అంచుకు పరుచుకుని, తిప్పినకొద్దీ గుండ్రంగా తిరుగుతుంది. అచ్చు కింద లోహం ప్రవహించినప్పుడు పడ్డ కంటికానని గీతల వల్ల వచ్చే మెరుపు అది. తోమితే వచ్చే మెరుపు తిరగదు, అంతటా ఒకేలా తెల్లగా నిలిచి ఉంటుంది. ఈ తేడా ఒకసారి కంటికి తగిలిందంటే ఇక మరిచిపోలేం.

తర్వాత ఎత్తయిన చోట్లు. జేబులో, చేతిలో, గల్లాపెట్టెలో ముందుగా అరిగేవి అవే. విక్టోరియా రూపాయిలో కిరీటం, చెవి మీది జుట్టు పాయలు, చెంప, భుజం. జుట్టంతా ముద్దకట్టి, ముఖం రేఖ, తేదీ, అక్షరాలు మాత్రం తేటగా ఉంటే వ్యాపారులు 'ఎఫ్' అంటారు. పాయలు చాలావరకు విడివిడిగా లెక్కకు అందితే 'వీఎఫ్'. కిరీటం మీది రాళ్లు, చెంప దగ్గర మాత్రమే కొంచెం చదునై, అక్షరాల సందుల్లో తొలి మెరుపు దాగి ఉంటే 'ఎక్స్‌ఎఫ్'. అరుగుదలే లేకపోతే 'యూఎన్‌సీ'. ఇందులో మచ్చ ఉండకూడదని లేదు, టంకశాల సంచుల్లో ఒకదానికొకటి తగిలి పడ్డ గాట్లు ఉండవచ్చు. అచ్చు సరిగా పడకపోవడాన్ని అరుగుదలగా పొరబడటం నేర్చుకునేవారందరికీ ఎదురయ్యే చిక్కు. రెంటికీ తేడా ఉపరితలంలో ఉంది. అరిగిన చోటు నున్నగా, మొద్దుగా ఉంటుంది. అచ్చు పడని చోట లోహం గరుకుతనం, ఒక్కోసారి మెరుపు కూడా మిగిలే ఉంటాయి.

1949లో అమెరికాలో విలియం షెల్డన్ రాగి సెంట్ల కోసం 1 నుంచి 70 దాకా అంకెల కొలత ఒకటి తెచ్చాడు. అప్పట్లో ఆ అంకె ధరకు నేరుగా ముడిపడింది. 70 స్థాయి నాణెం 1 స్థాయి దానికి డెబ్బై రెట్లు. ధరల లెక్క ఎప్పుడో చెదిరిపోయింది గానీ అంకెలు నిలిచాయి, ఇవాళ ప్లాస్టిక్ పెట్టెలో బిగించిన మన నాణేల మీదా అవే. 63కూ 64కూ మధ్య తేడా కోసం వేలు పోయడం నాకు అర్థవంతంగా అనిపించదు. ఎఫ్‌కూ వీఎఫ్‌కూ మధ్య గీత మాత్రం ఎవరైనా తమ కంటితో గీయగలిగి ఉండాలి.

కొలతపట్టీలు తప్పులుగా లెక్కగట్టే కొన్ని గుర్తులకు నా మనసులో పెద్ద చోటుంది. పాత రూపాయిల మీద షరాబులు వెండి పరీక్షకు కొట్టిన చిన్న ఉలి గాట్లు. దండలో గుచ్చడానికి అంచున అతికిన కొక్కెం ఊడిన చోట టంకం మచ్చ. లంబాడీ స్త్రీలు తొడిగిన నగల్లోని రూపాయిల మీద ఇది తరచుగా కనిపిస్తుంది. రూపాయి ఎత్తు అంటే తులం కనుక కంసాలి తక్కెడలో, వైద్యుడి తక్కెడలో తూకపురాయిగా పనిచేసి అంచులు నలిగినవి. వీటికి ధర తగ్గుతుంది, నిజమే. అమ్మే ఉద్దేశం లేనివారు ఆ తగ్గుదలను పట్టించుకోనక్కర్లేదు.

నకిలీల గురించి గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఇళ్లే కూలిపోయాయి. 1818 తేదీ, ఈస్టిండియా కంపెనీ పేరు, హనుమంతుడో రామ పట్టాభిషేకమో ఉన్న 'హాఫ్ అణా' రాగి బిళ్లలు ఊరూరా తిరుగుతుంటాయి. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ కొట్టలేదు. దేవుడి బొమ్మతో కంపెనీ నాణేలే లేవని కాదు. 1807–08 ప్రాంతంలో మద్రాసు టంకశాల తెచ్చిన వెండి అరవరహా, పావు వరహాల మీద ఒకవైపు నక్షత్రాల నడుమ గోపురం, మరోవైపు విష్ణువు ఉంటారు. చుట్టూ ఇంగ్లీషు, పారశీకం, తమిళంతో పాటు మన తెలుగు అక్షరాలు కూడా. అసలైనవి అంత అందంగా ఉండగా, బియ్యం గింజలను లాగే మహిమ ఉందంటూ ఆ రాగి బిళ్లలను 'రైస్ పుల్లింగ్' పేరిట లక్షలకు అంటగట్టే ముఠాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పోలీసులకు పట్టుబడుతూనే ఉన్నాయి. పాత నాణేలు కొంటామంటూ తన పేరు వాడుకుని కమిషన్లు, పన్నులు అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు కూడా 2021 ఆగస్టులో హెచ్చరించింది. ముందుగా డబ్బు కట్టమన్న ప్రతివాడూ మోసగాడే.

వెండి రూపాయిని ఇంట్లోనే పరీక్షించవచ్చు. అయస్కాంతానికి అంటకూడదు. గ్రాములో నూరో వంతు చూపే తక్కెడ మీద గ్లాసుడు నీళ్లు పెట్టి, అంకెను సున్నా చేసి, దారానికి కట్టిన నాణేన్ని అడుగుకు, పక్కలకు తగలకుండా పూర్తిగా ముంచండి. 11.66 గ్రాముల అసలు విక్టోరియా రూపాయి అయితే తక్కెడ సుమారు 1.13 చూపుతుంది. అంతే బరువున్న రాగి–నికెల్ నకిలీ 1.31 చూపుతుంది. తీసిన తర్వాత అద్దాలే గానీ రుద్దకూడదు. పోతపోసిన నకిలీకి అంచు చుట్టూ అతుకు గీత, ఉపరితలం మీద సన్నని గుంటలు ఉంటాయి. అసలు నాణేలను కళ్లారా చూసి కంటిని అలవాటు చేసుకోవాలంటే హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం ఉంది. నిజాం కాలపు సైఫాబాద్ టంకశాలను కూడా 2022లో మ్యూజియంగా తెరిచారు.

దాచడంలో రెండు జాగ్రత్తలు చాలు. మెత్తని పీవీసీ కవర్లు కొన్నేళ్లకు జిగటగా మారి నాణెం మీద పచ్చని జిడ్డు వదులుతాయి, వాటిని వాడవద్దు. కోటిలింగాల, పెద్దబంకూరుల్లో దొరికిన రకం శాతవాహన సీసపు నాణేలు మీ మూటలో ఉంటే చెక్కపెట్టెలో పెట్టకండి. చెక్క వదిలే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లని పొడిగా రాలిపోతుంది. సీసాన్ని ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి. చట్టం సంగతీ తెలిసి ఉండాలి. నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న అన్నయ్యకు వాటా పంచాలనుకున్నా ఇదే వర్తిస్తుంది. పునాది తవ్వుతుంటే దొరికినవి వారసత్వం కిందికి రావు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలపాలి.

ఇక మిగిలింది చీటీ. ఒక్కో నాణేనికి ఒక్కో కాగితపు కవరు, దాని మీద పాలకుడి పేరు, సంవత్సరం, లోహం, బరువు, వెడల్పు, టంకశాల గుర్తు, స్థితి, ఏ మూటలోది, ఎవరి ద్వారా వచ్చింది. స్థితిని మాత్రం పెన్సిలుతో రాయండి. మరికొన్ని నాణేలు చూశాక మీ అంచనా ఒక మెట్టు కిందికో పైకో మారుతుంది.