వెనక నుంచి కనిపించే పనితనం

బైనాక్యులర్స్ కొనేవాళ్లు వాటిని కళ్లకు ఆనించుకుని ఎదురుగా ఉన్న బోర్డు మీది అక్షరాలు చదువుతారు. తయారుచేసినవాడి పనితనం చూడాలంటే మాత్రం దూరంగా పట్టుకోవాలి. చేతులు చాచి, పెద్ద కటకాలను తెల్లటి ఆకాశం వైపు తిప్పండి (సూర్యుడి వైపు పొరపాటున కూడా వద్దు). కంటి వైపు కటకాల మీద ఒక్కో తెల్లటి బిళ్ల తేలుతున్నట్టు కనిపిస్తుంది. అదే ఎగ్జిట్ ప్యూపిల్. ముందు కటకం పట్టిన వెలుగంతా ఆ బిళ్లలోంచే బయటికి రావాలి. దీన్ని రాంస్డెన్ వలయం అని కూడా అంటారు. 18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో పరికరాల తయారీకి పేరుమోసిన జెస్సీ రాంస్డెన్ పేరు అది. లాంబ్టన్ మన దక్షిణాదిని కొలిచిన మహా సర్వేలో నక్షత్రాలను చూసిన జెనిత్ సెక్టర్ కూడా ఆయన చేతిదే.

బిళ్ల ఎంత ఉంటుందో తెలుసుకోవడానికి స్కేలు అక్కర్లేదు. కటకం వ్యాసాన్ని ఆవర్ధనంతో భాగిస్తే చాలు. 7×50కి 7 మిల్లీమీటర్ల పైచిలుకు, 8×42కి 5.25, జేబులో పట్టే 10×25కి 2.5. తొర్రూరులో ఖమ్మం రోడ్డు దీపాలు వెనకపడేదాకా పొలాల్లోకి నడిచి, చీకటికి కళ్లు అలవాటు పడేవరకు ఓ అరగంట ఆగితే కుర్రవాడి కనుపాప 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. 7×50 బిళ్ల అందులో సరిగ్గా ఇముడుతుంది. రాత్రి కాపలా కాసే నావికుల చేతికి ఈ కొలతే ఎందుకు వచ్చిందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

అదే జతను ఆ కుర్రవాడి తాతకిస్తే లెక్క మారుతుంది. అరవై దాటినవారి కనుపాప చీకట్లో కూడా 5 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోవడం మామూలు. మిగిలిన వెలుగు కనుపాప చుట్టూ ఉండే రంగు పొర మీద పడి వృథా అవుతుంది. ఆయన మోస్తున్నది 50 మిల్లీమీటర్ల కటకం, వాడుకుంటున్నది 35. అందుకని పెద్దవాళ్లకు 10×50 కొనిపెట్టమంటాను, చేతులు వణకకపోతే. పగలు కరెంటు తీగ మీది పాలపిట్టను చూసేటప్పుడు ఎవరి కనుపాపైనా రెండు మూడు మిల్లీమీటర్లే. అప్పుడు పెద్ద బిళ్ల వెలుగు పెంచదు గానీ, కన్ను అటూ ఇటూ జరిగినా బొమ్మ నల్లబడకుండా కాస్తుంది. ట్రాక్టర్ మీద కూర్చుని చూసేవాడికి ఆ విలువ తెలుస్తుంది.

అసలు మెచ్చుకోవలసిన చోటు బిళ్ల అంచు. చవక రకంలో అది గుండ్రంగా ఉండదు. నడుమ వెలుగు చదరంగా మిగిలి, నాలుగు వైపులా బూడిద రంగు నీడ పడుతుంది. తప్పు లోపల ఉండే పట్టకాలది. మామూలు బీకే7 గాజులో వెలుగు పూర్తిగా పరావర్తనం చెందాలంటే కిరణం కనీసం 41.2 డిగ్రీల కోణంలో తగలాలి. బేక్4 గాజుకు 39.6 చాలు. 50 మిల్లీమీటర్ల కటకానికి నాభ్యంతరం సుమారు 200 మిల్లీమీటర్లు ఉంటే, దాని అంచు నుంచి వచ్చే కిరణం గాజులోకి వంగాక నాలుగున్నర డిగ్రీల వాలులో ఉంటుంది. పట్టకం 45 డిగ్రీల ముఖాన్ని అది తాకేది 40 కాస్త దాటిన కోణంలో. బేక్4లో తిరిగొస్తుంది, బీకే7లో కొంత బయటికి కారిపోతుంది. పోరో పట్టకాల్లో పరావర్తనాలు నాలుగు, ఒక్కోటి ఒక్కో అంచు కొరికేస్తుంది. అలా పుట్టిందే ఆ చదరం. గాజు ఎంపికలో డిగ్రీన్నర తేడా అంత దూరం నుంచి కంటికి కనిపించడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. బిళ్ల నిమ్మకాయలా నొక్కుకుపోయి ఉంటే కారణం వేరు: డబ్బు మిగుల్చుకోవడానికి పట్టకాన్నే చిన్నది చేశారు. డబ్బా మీద 50 అని అచ్చేసినా లోపలికి అంత రావడం లేదు.

టెలిస్కోపులోనూ ఇదే బిళ్ల ఉంటుంది, కంటి కటకం మార్చినప్పుడల్లా మారుతుంది. మసక నెబ్యులాలకు రెండు మిల్లీమీటర్ల చుట్టుపక్కల బాగుంటుంది, గ్రహాలకు ఒకటి లేదా ఇంకాస్త తక్కువ. అర మిల్లీమీటరు కంటే దిగితే మన కంట్లో తేలే నలుసులే గ్రహం మీద ఈదుతాయి.

1901లో నవాబ్ జాఫర్ జంగ్ నెలకొల్పిన హైదరాబాద్ నిజామియా వేధశాలలో గ్రబ్ సంస్థ చేసిన 15 అంగుళాల టెలిస్కోప్ ఉండేది. 381 మిల్లీమీటర్ల ఆ కటకం పట్టిన వెలుగంతా 7 మిల్లీమీటర్ల కంట్లోకి దూరాలంటే కనీసం 54 రెట్లు పెంచాలి. జాపాల్-రంగాపూర్‌లో 1968లో పెట్టిన 48 అంగుళాల అద్దానికైతే 174 రెట్లు. అది ముఖ్యంగా ఫోటోమీటర్లకు, స్పెక్ట్రోగ్రాఫ్‌లకు వెలుగందించిన అద్దం గనక అక్కడ కంటి గొడవ పెద్దగా లేదు. ఎవరైనా కన్ను పెడితే మాత్రం అర డిగ్రీ చందమామ 87 డిగ్రీల మేర పరుచుకుంటుంది, మామూలు కంటి కటకంలో పట్టదు. రోహిణినీ దాని చుట్టూ ఉన్న చుక్కల గుంపునూ ఒకేసారి చూడటం ఆ అద్దం వల్ల అయ్యే పని కాదు. 7 డిగ్రీల ఆకాశాన్ని చూపించే 7×50 వల్ల అవుతుంది.