మేతకు మేత

భీమిలి నుంచి ఉప్పాడ దాకా ఏ హేచరీలో అడిగినా రొయ్య పిల్లల మేతైన ఆర్టీమియా డబ్బా ధర ఠక్కున చెబుతారు. గ్రేట్ సాల్ట్ లేక్ సరుకా కాదా అని లేబుల్ తిప్పి మరీ చూస్తారు. ఆల్గే గదిలో వాడే లవణాల గురించి అడిగితే మాత్రం ‘ఆ, ఏవో కెమికల్స్‌లెండి’ అనేస్తారు. ఆ గదిలో కొన్నేళ్లు మసలినవాణ్ణి, ఆ మాట నాకు ఇప్పటికీ చురుక్కుమంటుంది.

గుడ్డులోంచి అప్పుడే వచ్చిన రొయ్య పిల్లకు, అంటే నాప్లీకి, తిండితో పనిలేదు, ఒంట్లోని సొనతోనే గడిపేస్తుంది. తర్వాతి దశ జోయా కాగానే ఆకలి మొదలు. అప్పుడు నోటికందేది కీటోసెరాస్ అనే ఆల్గే. నీళ్లలో మనం ఏం వేశామో అదే ఆల్గేలోకి, అక్కణ్ణుంచి పిల్లలోకి.

ఆల్గే పెంచడానికి ఎక్కువమంది వాడే లవణాల మాధ్యమం గిలార్డ్ ఎఫ్ బై టూ. అందులోని లోహాలు: ఇనుము, మాంగనీసు, జింకు, కోబాల్టు, మాలిబ్డినం, రాగి. రాగి కోసం వేసే మైలుతుత్తం వాటా లీటరు కల్చర్‌కు పది మైక్రోగ్రాముల లోపే. మన త్రాసుకు అందే తూకమా అది? అందుకే 9.8 గ్రాములు లీటరు నీటిలో కరిగిస్తాం. అందులో ఒక్క మిల్లీలీటరు తీసి, మిగతా లోహాలతో కలిపి మరో లీటరు చేస్తాం. కల్చర్‌లోకి వెళ్లేది ఈ రెండో సీసాలోంచి, లీటరుకు ఒక్క మిల్లీలీటరు. పరధ్యానంలో చెయ్యి మొదటి సీసా మీదికి పోయిందా, వెయ్యి రెట్ల రాగి. చెరువుల్లో నాచును చంపడానికి చల్లేదీ ఈ మైలుతుత్తమే మరి! ఇనుము తుప్పులా అడుక్కి దిగకుండా పట్టి ఉంచేది ఈడీటీఏ. డబ్బు మిగులుతుందని దానికి కోత పెట్టే పిసినారితనం మాత్రం నాకు మింగుడుపడదు.

ఈ జాబితాలో సెలీనియం లేదు. 1993లో వచ్చిన ఎల్1 మాధ్యమంలో చేర్చారు. రొయ్యల సంగతి ఎలా ఉన్నా, పండుగప్పలాంటి చేప పిల్లలకు రొటిఫర్లనే సూక్ష్మజీవులను మేతగా పెట్టేవాళ్లు దీన్ని పట్టించుకోవాలి. సముద్రంలో చేప పిల్లలు తినే కోపిపాడ్లతో పోలిస్తే రొటిఫర్లలో సెలీనియం పదుల రెట్లు తక్కువని, కాడ్ పిల్లల మేత మీద పనిచేసిన నార్వే శాస్త్రవేత్తలు తేల్చారు. అలాగని పిల్లల తొట్టెలోనే కలిపేద్దామంటే కుదరదు. సెలీనియంలో అవసరానికీ విషానికీ మధ్య సందు బాగా ఇరుకు. ఆల్గేకు తగుపాళ్లలో పడితే అది పీల్చుకుని సెలీనోమిథియోనిన్ లాంటి సేంద్రియ రూపంలోకి మార్చుకుంటుంది. రొటిఫర్ తినేది ఆ ఆల్గేని.

ఇంత చేశాక కూడా రొటిఫర్లను రాత్రి వడగట్టి, ఉత్త నీళ్లలో ఉంచి, తెల్లారి పిల్లలకు వేసే హేచరీలున్నాయి. ఈలోగా వాటి కడుపు ఖాళీ అయిపోతుంది. వడగట్టిన వెంటనే వెయ్యాలి, లేదంటే వేసేదాకా ఆల్గేలోనే ఉంచాలి.